లారీలు లేని దారులు: సైకిల్ యాత్రల మీద మీ ప్రశ్నలు, జవాబులు

పాకాల అడవి దారిలో సైకిల్ తొక్కడం గురించి గతంలో ఈ పేజీలో రాసినప్పటి నుంచి ఉత్తరాలు ఆగలేదు. బరువు తగ్గడం ఎట్లా, ఏ కంపెనీ సైకిల్ కొనాలి లాంటివి పక్కన పెట్టి ఈసారి ఒకే సంగతి మీద వచ్చినవి తీసుకున్నాను. బండ్ల రద్దీ లేకుండా అడవుల్లో, గుట్టల మధ్య, వాగులూ నదుల వెంట రెండు మూడు రోజులు తొక్కుకుంటూ పోవడం మన వైపు కుదురుతుందా అని. కుదురుతుంది. కాకపోతే దారితో పాటు నెల, వారం, గంట కూడా చూసుకోవాలి.

ప్రశ్న: విదేశాల్లో సైకిల్ యాత్రలు చేసేవాళ్ల వీడియోలు చూస్తుంటాను. రోజుల తరబడి అడవి, నది ఒడ్డు, కొండలు, ఒక్క కారు కూడా కనపడదు. వాళ్లకు ఆ దారులు ఎట్లా వచ్చాయి? మనకెందుకు లేవు? ఎండాకాలం సెలవుల్లో మేం నలుగురు టీచర్లం అట్లాంటి యాత్ర ఒకటి చేద్దామనుకుంటున్నాం. – హైస్కూలు టీచరు, హనుమకొండ

జవాబు: ముందు ఎండాకాలం ఆలోచన మానుకోండి సార్. మే నెలలో మన దగ్గర 44, 45 డిగ్రీలు మామూలే. పొద్దున తొమ్మిది దాటితే తారు రోడ్డు సెగకే తల తిరుగుతుంది, అడవిలోకి పోతే నీడ ఉంటుందిలే అనుకుంటారు గానీ మన టేకు అడవి ఆ నెలల్లో ఆకంతా రాల్చుకొని నిలబడి ఉంటుంది. మీకు దసరా సెలవులున్నాయి, సంక్రాంతి సెలవులున్నాయి. ఆ రెంటిలో ఏదో ఒకటి పెట్టుకోండి.

ఇక దారుల సంగతి. అట్లాంటి వాటిలో పేరున్నవి చాలావరకు సైకిళ్ల కోసం కొత్తగా వేసినవి కావు, పాత కాలువ గట్లు, మూతపడ్డ రైలు మార్గాలు. అమెరికాలో వాషింగ్టన్ నుంచి కంబర్లాండ్ అనే ఊరి దాకా పొటోమాక్ నది పక్కనే 297 కిలోమీటర్ల కాలువ గట్టు ఉంది. బొగ్గు పడవల కోసం తవ్విన కాలువ అది, కంచర గాడిదలు గట్టు మీద నడుస్తూ తాళ్లతో పడవలను లాగేవి. 1924లో వరదకు దెబ్బతిని పడవలు ఆగిపోయాయి. తర్వాత ఆ గట్టు వెంట కార్ల రోడ్డు వేద్దామన్న ఆలోచన వస్తే, 1954లో వాళ్ల సుప్రీంకోర్టు జడ్జి విలియం డగ్లస్ పత్రికల వాళ్లను రమ్మని పిలిచి మరీ ఆ గట్టు పట్టుకొని నడిచాడు. రోడ్డు ఆలోచన వెనక్కి పోయింది, 1971లో అది జాతీయ చారిత్రక పార్కు అయింది. ఇవాళ అక్కడ నడిచేవాళ్లు, సైకిళ్ల వాళ్లు తప్ప మోటారు బండి కనపడదు.

కంబర్లాండ్ నుంచి పిట్స్‌బర్గ్ దాకా ఇంకో 240 కిలోమీటర్లు మూతపడ్డ రైలు దారి. పట్టాలు తీసేసి, సున్నపురాయి పొడి పరిచి, ముక్కలు ముక్కలుగా కలుపుకుంటూ వచ్చి 2013 నాటికి పూర్తి చేశారు. అది అలెగెనీ కొండలను దాటే దారి, అయినా ఎక్కడా 2 శాతం వాలు మించదు, అంటే వంద మీటర్లు తొక్కితే రెండు మీటర్లు కూడా ఎక్కరు. రైలింజను నిటారుగా ఎక్కలేదు కాబట్టి ఆ రోజుల్లో ఇంజనీర్లు నది లోయలనే పట్టుకొని, గుట్ట అడ్డమొస్తే సొరంగం తవ్వి దారి తీశారు, ఆ కష్టమంతా ఇప్పుడు సైకిల్ తొక్కేవాళ్లకు సుఖంగా మిగిలింది. యూరప్‌లో డాన్యూబ్ నది వెంట పసావ్ నుంచి వియన్నా దాకా పోయే దారిలో కూడా చాలా చోట్ల పాతకాలంలో పడవలు లాగిన గట్లే ఉన్నాయి.

మన చుట్టూ ఉన్న పట్టాల మీద రైళ్లు తిరుగుతూనే ఉన్నాయి కాబట్టి ఆ ముచ్చట వదిలేద్దాం. కాలువ మాత్రం ఉంది. పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ నుంచి బయల్దేరి, 146 కిలోమీటర్లు వచ్చి లోయర్ మానేరు డ్యాంలో కలిసి, మళ్లీ అక్కడి నుంచి మన హసన్‌పర్తి, చింతగట్టు వైపుగా కిందికి పోయే కాకతీయ కాలువ పొడవు 284 కిలోమీటర్లు. ఆ పొటోమాక్ గట్టుకు 13 కిలోమీటర్లు తక్కువ, అంతే. నీళ్లు మోటారు లేకుండా వాటంతటవే పారాలి కాబట్టి కాలువ ఎప్పుడూ దాదాపు సమతలంగానే పోతుంది, గట్టు మీద ఇరిగేషన్ వాళ్ల జీపు తిరగడానికి మొరం దారి కూడా ఉంటుంది. ఈ ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ పక్కనే పుట్టి పెరిగినవాళ్లు కూడా దాన్ని ఒక దారిగా ఎప్పుడూ చూడరు, నా బాధ అదే.

ఇవాళ్టికివాళ ఆ గట్టు ఎక్కి వంద కిలోమీటర్లు పోవచ్చని మాత్రం అనుకోవద్దు. ఒకచోట మొరం చదునుగా ఉండి గంటకు పదిహేను కిలోమీటర్లు అలవోకగా పోతారు, ఇంకో కిలోమీటరుకే సర్కారు తుమ్మ రెండు వైపుల నుంచీ కమ్ముకొని హ్యాండిల్ పట్టే సందు ఉండదు. వాన పడితే నల్లరేగడి తగిలిన చోట మట్టి చక్రానికీ ఫోర్కుకూ మధ్య ఇరుక్కొని సైకిల్ కదలదు. కాలువలో నీళ్లు వదిలినప్పుడు లైనింగ్ వాలు మీద నాచు పట్టి ఉంటుంది, ముఖం కడుక్కుందామని దిగినవాళ్లు పైకి రాలేక కొట్టుకుపోయిన సంగతులు మీకు తెలియనివి కావు. కాబట్టి కాలువలోకి దిగొద్దు, చీకట్లో గట్టు మీద తొక్కొద్దు, ముందుగా మీ దగ్గర్లోని ఇరిగేషన్ ఆఫీసులో అడిగి, ఇరవై ముప్పై కిలోమీటర్ల ముక్కలుగా పోయి చూడండి. నలుగురు టీచర్లు పోయి అడిగితే ఆ మాటకు ఒక విలువ ఉంటుంది.

హైదరాబాద్‌లో ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు, పైన సోలార్ పలకల కప్పుతో. మంచి పనే. మన కాలువ గట్టుకు కప్పు అక్కర్లేదు, కాంక్రీటు అక్కర్లేదు. తుమ్మ కొట్టించి, మొరం సరిచేసి, ట్రాక్టర్లు ఎక్కకుండా అక్కడక్కడా రెండు రాళ్లు పాతి, తాగే నీళ్లు ఎక్కడ దొరుకుతాయో బోర్డు పెడితే సరిపోతుంది. ఆడపిల్లలు స్కూలుకు పోవడానికి కూడా అదే దారి పనికొస్తుంది. దీనికోసం అర్జీ పెట్టేవాళ్లెవరైనా ఉంటే సంతకం పెట్టడానికి నేనున్నాను.

ప్రశ్న: ములుగు రోడ్డు మీద ఇసుక లారీలు చూస్తే టెన్షన్ వస్తుంది. అవి తగలకుండా, అడవిలో నుంచి రెండు రోజుల్లో పోయి వచ్చే రూటు ఒకటి చెప్పండి. ఇద్దరం ఫ్రెండ్స్‌మి, గేర్ సైకిళ్లున్నాయి. – ప్రైవేటు ఉద్యోగి, నర్సంపేట

జవాబు: తమ్ముడూ, మీ ఊరికి పన్నెండు కిలోమీటర్లలో పాకాలను పెట్టుకొని నన్ను అడుగుతున్నారు. ముందు ఆ ఒక్క పూట పోయి రండి. కాకతీయ గణపతిదేవుని కాలంలో, 1213 ప్రాంతంలో కట్టిన చెరువు, గుట్టల మధ్య కట్ట వేసి నీళ్లు ఆపారు. కట్ట దాటి కొత్తగూడ వైపు పోయే రోడ్డు మీద మామూలు రోజుల్లో పొద్దున పూట బైకులు, పాల క్యాన్లు, ఒక ఆర్టీసీ బస్సు, అంతకంటే ఎక్కువ కనపడవు. ఆదివారం మాత్రం పిక్నిక్ కార్లు, డీజేలు. ఆదివారం వదిలేయండి.

రెండు రోజుల రూటుకు 163 నంబరు హైవే మొత్తాన్నీ తప్పించుకోలేం, కానీ తక్కువ చేసుకోగలం. నర్సంపేట నుంచి నల్లబెల్లి మీదుగా మల్లంపల్లికి పోయే రోడ్డు పట్టుకుంటే హనుమకొండ నుంచి వచ్చే రద్దీ అంతా తప్పిపోతుంది. మల్లంపల్లి నుంచి ములుగు దాటి జంగాలపల్లి క్రాస్ దాకా హైవే, అదొక్కటే ఇబ్బంది, దాన్ని పొద్దున ఏడు లోపే దాటేయాలి. అంత పొద్దున్నే మల్లంపల్లికి చేరుకోవడం కష్టమనిపిస్తే ట్రాలీ ఆటో మాట్లాడుకొని సైకిళ్లు అందులో వేసుకొని జంగాలపల్లి దగ్గరే దిగండి, అందులో నామోషీ ఏం లేదు. లారీల మధ్య ఇరవై కిలోమీటర్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని తొక్కితే వచ్చే గొప్పేమీ ఉండదు.

జంగాలపల్లి క్రాస్ నుంచి ఎడమకు తిరిగితే వెంకటాపూర్, పాలంపేట. వరి పొలాలు, మధ్యలో తాటిచెట్లు, దూరంగా గుట్టలు. రామప్ప గుడి 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది, ఈ సంగతులు మీకు తెలిసినవే. సైకిల్ మీద పోయినవాళ్లకు ఒక లాభం ఉంది. కార్ల వాళ్లు పదకొండుకు వచ్చి ఒంటిగంటకు పోతారు, మీరు సాయంత్రం చేరుకుంటారు. పడమటి ఎండ పడ్డప్పుడు ఆ నల్లరాతి మదనికల (స్త్రీ శిల్పాల) మెడలో ఒక్కో గొలుసు విడివిడిగా కనపడుతుంది, గొలుసు నీడ కూడా రాతి మీద పడుతుంది. రాత్రికి గుడి దగ్గర టూరిజం వాళ్ల గదులున్నాయి, ముందుగా బుక్ చేసుకోండి.

రెండో రోజు తెల్లవారగానే వెనక్కి జంగాలపల్లి వచ్చి, హైవే మీద గోవిందరావుపేట వైపు పోయి, చల్వాయి దగ్గర లక్నవరం రోడ్డు తీసుకోండి. బుస్సాపూర్ దాటాక అడవి మొదలవుతుంది. చెరువు దగ్గర వేలాడే వంతెన మీద పడిపడి ఫొటోలు తీసుకునే జనం రాకముందే చేరుకుంటే నీళ్ల మీద పక్షుల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఓపిక ఉండి మూడో రోజు కూడా కలుపుకునేట్టయితే పస్రా నుంచి నార్లాపూర్ మీదుగా మేడారం, మేడారం నుంచి తాడ్వాయి, తిరిగి పస్రా, ఈ చుట్టు వేయండి. మేడారం నుంచి తాడ్వాయి దాదాపు 14 కిలోమీటర్లు, అంతా అడవే, చిన్న చిన్న ఎత్తుపల్లాలు. 2024 ఆగస్టు 31న వచ్చిన సుడిగాలికి ఈ అడవిలో వేల చెట్లు ఒక్క పూటలో కూలిపోయాయి. టేకు, నల్లమద్ది అని తేడా లేదు, పెద్ద పెద్ద మానులు కూడా వేళ్లతో సహా లేచి పడ్డాయి. కారులో ఐదు నిమిషాల్లో దాటేస్తే అదేమీ అర్థం కాదు, సైకిల్ మీద పోతే ఎక్కడిదాకా అడవి ఉంది, ఎక్కడ ఖాళీ అయింది, ఆ ఖాళీలో ఏ మొక్క ముందు లేస్తోంది, అన్నీ కంటికి ఆనతాయి.

సమ్మక్క సారలమ్మ జాతర ఉన్న ఏడాది, రెండేళ్లకోసారి, మాఘ పౌర్ణమికి అటూ ఇటూ రెండు నెలలు ఈ చుట్టు పెట్టుకోవద్దు. ముందు మొక్కులకు వచ్చేవాళ్లు, జాతరకు వచ్చేవాళ్లు, జాతర అయ్యాక తిరుగువారానికి వచ్చేవాళ్లు, రోడ్డు మీద మీకు చోటుండదు. జాతరకు సైకిల్ మీదే మొక్కుకొని పోయేవాళ్లుంటే అది వేరే సంగతి.

ప్రశ్న: వానాకాలంలో బొగత జలపాతం బాగుంటుందంటారు. జులైలో భూపాలపల్లి నుంచి సైకిల్ మీద బొగతకు పోదామని మా గ్రూపు అనుకుంటోంది. మీ సలహా ఏమిటి? – ప్రభుత్వ ఉద్యోగి, భూపాలపల్లి

జవాబు: వద్దు. ఈ జవాబు కొంచెం గట్టిగానే చెప్తాను.

2023 జులైలో మన వైపు ఏం జరిగిందో మీరు కళ్లారా చూసి ఉంటారు. జులై 27 పొద్దుటికి 24 గంటల్లో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 64.98 సెంటీమీటర్ల వాన పడింది. మీ పక్కనే మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు ఊరంతా మునిగితే జనం ఇళ్ల కప్పులెక్కి కూర్చున్నారు. ఏటూరునాగారం మండలం కొండాయిలో జంపన్నవాగు మనుషులను పట్టుకుపోయింది. పుట్టినప్పటి నుంచీ ఆ వాగు పక్కనే ఉన్నవాళ్లకే దాని తీరు అందలేదు, సెలవు దొరికిందని పోయిన మనకేం తెలుస్తుంది?

గుట్టల్లోని వాగులతో చిక్కేమిటంటే, మీరు నిలబడ్డ చోట ఎండ కాస్తుండగానే పైన ఎక్కడో పడ్డ వాన రెండు మూడు గంటలకు మీ దగ్గరికి వస్తుంది. నీళ్లు అప్పటిదాకా తేటగా ఉండి ఉన్నట్టుండి ఎర్రబారినా, ఎండుటాకులు, పుల్లలు, నురగ తేలుకుంటూ వస్తున్నా, వెంటనే ఒడ్డెక్కాలి. వాగు దాటడానికి తక్కువ ఎత్తులో వేసిన కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే పాదం మునిగేంతే కదా అని సైకిల్ నెట్టుకుంటూ దిగేవాళ్లను చూస్తుంటాను. చక్రాల ఊచలకు, సంచులకు నీటి తోపు తగిలి సైకిల్ పక్కకు లాగుతుంది, దాన్ని పట్టుకున్న మనిషి కూడా దాంతోపాటు పోతాడు. కింద తారు కొట్టుకుపోయి గుంత పడిందో లేదో పైనుంచి కనపడదు. కాజ్‌వే మీద రోడ్డు స్పష్టంగా కనపడకపోతే ఆగిపోవాలి, అంతే. నీళ్లు తగ్గేదాకా ఈ పక్క ఊళ్లోనే టీ తాగుతూ కూర్చోవడం యాత్రలో భాగమే అనుకోండి.

బొగతకు అక్టోబరులో, దసరా తర్వాత పోండి. చీకుపల్లి వాగులో నీళ్లు అప్పటికీ బాగానే ఉంటాయి, రంగు తేరుకుంటుంది, అడవి ఇంకా పచ్చగానే ఉంటుంది. ఏటూరునాగారం దాటి ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటాలి. ఆ వంతెన మధ్యలో ఆగి నదిని చూడాలనిపిస్తుంది, కానీ ఇసుక లారీలు తిరిగే వంతెన కాబట్టి సైకిల్ పూర్తిగా అంచుకు తీసి, వెనక లైటు వెలిగించి ఉంచి చూడండి. అసలు ఈ యాత్రలో తాడ్వాయి నుంచి ఏటూరునాగారం దాకా హైవే అడవిలో నుంచే పోతుంది, దారి అందంగా ఉంటుంది గానీ లారీలు మాత్రం వదలవు. అందుకే మీ గ్రూపులో పెద్దగా అలవాటు లేనివాళ్లుంటే ఏటూరునాగారం దాకా బస్సులోనో బండిలోనో పోయి, అక్కడి నుంచి వాజేడు వైపు తొక్కడం మేలు. జలపాతం కింద ఎక్కడిదాకా దిగనిస్తారో అక్కడే ఆగండి, దాటి పోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు.

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. ముగ్గురు ఆడపిల్లలు కలిసి సైకిళ్ల మీద జన్నారం అడవికి పోతామంటున్నారు. పులులున్నాయంటారు, పంపాలా వద్దా తేల్చుకోలేకపోతున్నాను. వాళ్ల నాన్నగారు అసలు ఒప్పుకోవడం లేదు. – ఒక తల్లి, మంచిర్యాల

జవాబు: పంపండమ్మా. కాకపోతే కొన్ని సంగతులు వాళ్లతో కూర్చొని మాట్లాడి పంపండి, నాన్నగారికి కూడా ఇది చదివి వినిపించండి.

జన్నారం అడవి ఉన్న కవ్వాల్‌ను 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. దాని లోపలి కోర్ ఏరియాలోకి సైకిల్ మీద పోవడానికి వీల్లేదు, పోనివ్వరు కూడా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యాల లోపలికి పోవాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. పిల్లలు పోవాల్సింది జనం తిరిగే రోడ్డు మీద. లక్సెట్టిపేట దాకా 63 నంబరు హైవే రద్దీగా ఉంటుంది, ఆ ముక్క బస్సులోనో ఆటోలోనో దాటించండి. లక్సెట్టిపేట నుంచి దండేపల్లి, జన్నారం మీదుగా కడెం దాకా పోయే రోడ్డు ఉంది చూడండి, ఎడమ చేతి వైపు గోదావరి లోయ, కుడి చేతి వైపు అడవి గుట్టలు, మధ్యలో ఊళ్లు వస్తూనే ఉంటాయి. మన ఉత్తర తెలంగాణలో నది, అడవి రెండూ ఒకే రోజు సైకిల్ మీద చూడాలంటే ఇంతకంటే మంచి రోడ్డు నాకు తెలియదు. ఊళ్లు తరచుగా ఉండటం ఆడపిల్లలకు ధైర్యం, నీళ్లకు, తిండికి, ఫోను సిగ్నలుకు కూడా.

పులి సంగతి దాచి చెప్పను. కాగజ్‌నగర్ వైపు మహారాష్ట్రలోని తాడోబా నుంచి పులులు వస్తూ పోతూ ఉంటాయి, 2024 నవంబరులో అక్కడ పత్తి చేనుకు పోయిన ఒక యువతి పులి దాడిలో చనిపోయింది. కాబట్టి బయల్దేరే ముందు రోజు జన్నారం అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేసి అడగండి. పులి తిరుగుతోందని వాళ్లు చెప్తే ఆ వారం యాత్ర లేదు, దాని మీద వాదన పెట్టుకోవద్దు. లేదంటే బాగా వెలుగొచ్చాక అడవి ముక్కలోకి పోవడం, సాయంత్రం ఐదింటికల్లా ఊళ్లో ఉండటం, ముగ్గురూ ఒకరికొకరు కనపడేంత దూరంలో తొక్కడం, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోకపోవడం, ఇవి చాలు.

నిజంగా రోజూ ఇబ్బంది పెట్టేవి కోతులు. హ్యాండిల్‌కు తగిలించిన ప్లాస్టిక్ కవరు కనపడితే చాలు మీదికొస్తాయి. తిండి మూసేసిన సంచిలో వెనక క్యారియర్ మీద ఉండాలి, కోతుల గుంపు కనపడ్డ చోట ఆగి తినొద్దు, వాటికి వేయొద్దు. ఊరి కుక్కలు వెంటపడితే పారిపోకుండా దిగి, సైకిల్‌ను కుక్కకూ తమకూ మధ్య పెట్టుకొని నడిస్తే చాలావరకు అవే ఆగిపోతాయి.

మొదటిసారి పోయేటప్పుడు కావాలంటే మీరో నాన్నగారో కడెం దగ్గర బస్సు దిగి వాళ్లకు ఎదురు వెళ్లండి. రెండోసారికి ఆ అవసరం ఉండదు.

ప్రశ్న: నాకు అరవై దాటాయి. పాత అట్లాస్ సైకిల్ ఉంది, గేర్లు లేవు. దాని మీద ఇట్లాంటి యాత్రలు చేయగలనా, కొత్తది కొనాలా? – రిటైరైన పోస్ట్‌మ్యాన్, పరకాల

జవాబు: పోస్ట్‌మ్యాన్‌గా పనిచేసినవారికి సైకిల్ గురించి నేను చెప్పేదేముంది సార్. కొత్తది కొనకండి. వెనక చక్రానికుండే పళ్ల బిళ్ల, అదే ఫ్రీవీల్, 18 పళ్లది ఉంటే 22 పళ్లది వేయించుకోండి, చైను రెండు లింకులు పెంచాల్సి రావచ్చు, అంతే ఖర్చు. వేగం కొంచెం తగ్గుతుంది, ఎత్తు మీద మోకాళ్లకు చాలా సుఖంగా ఉంటుంది. బ్రేకు రబ్బర్లు నాలుగూ మార్పించండి, రాడ్ బ్రేకులు దిగుడులో నమ్మలేం, వానలో అసలే నమ్మలేం. రామప్ప నుంచి గణపురం కోటగుళ్ల దాకా రోడ్డు మీకు బాగా సరిపోతుంది. ఎత్తు వస్తే దిగి నడవండి. బీపీ, గుండె పరీక్షలు ఒకసారి చేయించుకొని బయల్దేరండి.

ప్రశ్న: అడవి దారిలో మాటిమాటికీ పంక్చర్. ఒక రోజు మూడుసార్లు అయింది. ఏ టైరు వాడాలి? – డిగ్రీ విద్యార్థి, మహబూబాబాద్

జవాబు: మూడు పంక్చర్లూ ట్యూబులో ఒకే చోట పడ్డాయేమో చూశావా తమ్ముడూ? సాధారణంగా జరిగేది ఇదే. తుమ్మముల్లు గుచ్చుకుంటే బయటి ముక్క లాగేస్తాం, కొన విరిగి టైరులోనే ఉండిపోతుంది. పైనుంచి చూస్తే నల్ల చుక్క కూడా కనపడదు. ట్యూబుకు ప్యాచ్ వేసి ఎక్కించి గాలి కొట్టగానే ఆ కొన మళ్లీ దిగుతుంది. ట్యూబు తీసినప్పుడు టైరు లోపలి వైపు పాత గుడ్డ ముక్కతో మెల్లగా చుట్టూ తుడవాలి, ముల్లు ఉన్న చోట దారం పట్టుకుంటుంది. వట్టి వేలితో రాస్తే వేలికి గుచ్చుకుంటుంది. కనపడ్డాక గోరు కత్తెరతోనో చిన్న శ్రావణంతోనో లోపలికి నెట్టి లాగాలి. ట్యూబులో బెజ్జం వాల్వ్ నుంచి ఎంత దూరంలో ఉందో చూసుకుంటే టైరులో ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది, అందుకే ట్యూబు, టైరు ఏ వాటంలో ఉన్నాయో తీసేముందే గుర్తు పెట్టుకోవాలి.

టైరు విషయానికొస్తే, మొరం దారి కూడా ఉంటే 38, 40 మిల్లీమీటర్ల వెడల్పున్నది మంచిది. సన్న టైరుకు కొట్టినంత గాలి దీనికి కొట్టొద్దు, బొటనవేలితో గట్టిగా నొక్కితే కొంచెం లోపలికి పోవాలి. రాయిలా గట్టిగా ఉంటే గులకరాళ్ల మీద జారుతుంది, చేతులు జివ్వుమంటాయి. ఇంకో ముఖ్యమైన సంగతి, కొన్ని గేర్ సైకిళ్లకు సన్న వాల్వ్ ఉంటుంది. ఊళ్లలో పంక్చర్ షాపుల పంపు దానికి పట్టదు. ఇత్తడిది చిన్న అడాప్టర్ వస్తుంది, కొని ట్యూబు వాల్వ్‌కే ఎప్పుడూ బిగించి పెట్టుకో. ఒక స్పేర్ ట్యూబు, రెండు టైరు లివర్లు, ప్యాచులు, సొల్యూషన్, చిన్న పంపు, ఇవి లేకుండా తాడ్వాయి దాటొద్దు.

ప్రశ్న: ఎలుగుబంట్లు ఎదురైతే ఏం చేయాలి? – పాఠకుడు, గూడూరు

జవాబు: ఎదురవ్వకుండా చూసుకోవాలి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలుతుంది, అది రాలేది తెల్లవారుజామున, ఏరుకునే మనుషులూ తినే ఎలుగుబంట్లూ ఆ వేళకే చెట్టు కిందికి చేరతారు. ఆ నెలల్లో చీకటితో అడవి దారి పట్టొద్దు. మలుపుల దగ్గర బెల్లు కొడుతూ, మాట్లాడుకుంటూ పోండి, చప్పుడు వింటే అదే తప్పుకుంటుంది. దూరంగా కనపడితే ఆగండి, ఫొటో కోసం ముందుకు పోవద్దు, అది దాటేదాకా మెల్లగా వెనక్కి జరగండి. పిల్లలున్న తల్లి అయితే ఇంకా దూరం జరగాలి.

ప్రశ్న: రాత్రిపూట అడవిలోనే టెంటు వేసుకోవచ్చా? హోటళ్ల ఖర్చు తగ్గుతుంది కదా. – ఐటీఐ విద్యార్థులు, వరంగల్

జవాబు: అడవిలో వేయొద్దు. అభయారణ్యంలో అనుమతి లేకుండా ఉంటే కేసవుతుంది. కేసు మాట అటుంచి, ఎండుటాకు పరుచుకున్న నేల మీద వంట పొయ్యి నుంచి ఒక నిప్పురవ్వ పడితే తర్వాత ఆర్పేవాళ్లు ఉండరు.

ఖర్చు తగ్గాలంటే ఊళ్లో ఉండండి. చీకటి పడకముందే ఊరు చేరుకొని, సర్పంచ్‌నో పంచాయతీ కార్యదర్శినో కలిసి, ఎవరో ఏమిటో చెప్పి, ఆధార్ కార్డు చూపించి అడిగితే పంచాయతీ ఆఫీసు అరుగో, బడి వరండానో చూపిస్తారు. కోయగూడేల్లో అయితే పెద్దమనిషిని ముందు కలవండి, అడగకుండా ఇళ్ల మీద, ఆడవాళ్ల మీద ఫోన్ ఎత్తి ఫొటోలు తీయొద్దు. తెల్లారి పోయేటప్పుడు పడుకున్న చోట ఊడ్చి, మీ బిస్కెట్ కవర్లు, వాటర్ ప్యాకెట్లు మీ సంచిలోనే వేసుకొని పోవాలి. అన్నం ఎవరైనా పెడితే డబ్బులు తీసుకోరు, ఇవ్వబోతే చిన్నబుచ్చుకుంటారు కూడా. ఊళ్లోని కిరాణా షాపులో ఒక కిలో కందిపప్పో, పిల్లలకు నోటు పుస్తకాలో కొని ఇచ్చి రండి. దోమతెర మాత్రం తప్పకుండా పెట్టుకోండి, ఏజెన్సీ ఊళ్లలో మలేరియా ఉంది.